ఆవిరి లెక్క చెడేది బారోమీటర్ దగ్గరే

గాలిలో నీటి ఆవిరి: మైనస్ 4 మిల్లీమీటర్లు. జీపీఎస్‌తో తేమ కొలిచే స్టేషన్ల డేటా చూసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి అంకె తగులుతుంది. తగిలిన వెంటనే అనుమానం రిసీవర్ మీదికి పోతుంది. కేబుల్ మారుస్తారు, యాంటెన్నా మారుస్తారు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అసలు దొంగ మాత్రం పక్క గోడకే వేలాడుతూ ఉంటాడు. సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తులో ఉన్న స్టేషన్‌కి, అక్కడి అసలు పీడనం ఇవ్వకుండా సముద్రమట్టానికి సర్దిన పీడనం ఇచ్చేసి ఉంటారు. తేడా 55 హెక్టోపాస్కల్స్ పైమాటే. దాంతో ఆవిరి లెక్కలో సుమారు 20 మిల్లీమీటర్లు మాయం. వానాకాలంలో 60 ఉండాల్సిన చోట 40 కనిపిస్తే ఎవరూ కనుబొమ్మ కూడా ఎగరేయరు. పొడి చలికాలంలో 16 ఉండాల్సినది మైనస్‌లోకి పోతే గానీ గుట్టు బయటపడదు.

నేను ఇక్కడ పట్టుకుని వేలాడబోయే మాట ఒక్కటే. నావిగేషన్ శాటిలైట్లతో తేమ కొలవడంలో కష్టమంతా ఆకాశంలో ఉందనుకుంటాం. లెక్కను ఎక్కువసార్లు ముంచేది నేలమీద, ఎవరూ పట్టించుకోని పీడనం కాలమ్. స్టేషన్ పెట్టేవాళ్ల శ్రద్ధలో సగమైనా అటు మళ్లాలి. భద్రపరచాల్సింది కూడా ఆవిరి అంకెను కాదు, దానికి ముందు వచ్చే డిలేని.

డిలే అంటే ఏమిటో ముందు చూద్దాం. జీపీఎస్ శాటిలైట్లు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కణ్నుంచి వచ్చే రేడియో సిగ్నల్ గాలిలోకి దిగాక కాస్త నెమ్మదిస్తుంది. నెమ్మదించిన మేరకు దారి పొడుగైనట్టు రిసీవర్‌కి అనిపిస్తుంది. సముద్రమట్టం దగ్గర, నడినెత్తిన ఉన్న శాటిలైట్‌కి ఈ అదనపు దూరం పొడిగాలి వల్ల సుమారు 2.3 మీటర్లు, ఆవిరి వల్ల సున్నా నుంచి 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పొడిగాలి వాటాను స్టేషన్ దగ్గరి పీడనం నుంచి లెక్కకట్టి మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది ఆవిరి వాటా. నీటి అణువుకి ఒక కొస ధనావేశం, మరో కొస ఋణావేశం ఉంటాయి కాబట్టి రేడియో తరంగాన్ని అది గట్టిగానే లాగుతుంది. గాలి బరువులో అర శాతం ఉన్న ఆవిరి మొత్తం డిలేలో పది శాతం పైగా తెస్తుంది. నేలనుంచి ఆకాశం దాకా నిలువు స్తంభంలో ఉన్న ఆవిరంతా నీరైతే ఎన్ని మిల్లీమీటర్ల లోతు నిలుస్తుందో, అదే మనం వెతికే అంకె. ఒక మిల్లీమీటరు నీటికి ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు డిలే వస్తుంది. చిన్నదాన్ని ప్రకృతే ఆరింతలు చేసి చూపిస్తోందన్నమాట. సర్వేయర్లు చాలాకాలం చెత్తగా ఊడ్చిపారేసిన ఈ డిలేనే వాతావరణ కొలతగా వాడుకోవచ్చని మైకేల్ బెవిస్, ఆయన సహచరులు 1992లో రాసిన వ్యాసంతో ఈ రంగానికి ఒక రూపం వచ్చింది.

దారిలో అయనోస్ఫియర్, అంటే వాతావరణం పైభాగంలోని విద్యుదావేశపు పొర కూడా అడ్డుపడుతుంది. అది తెచ్చే తప్పు మీటర్లలో, ఒక్కోసారి పదుల మీటర్లలో ఉంటుంది. అయితే దాని ప్రభావం ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్ రెండూ వినే రిసీవర్ ఉంటే, మొదటిదానితో కొలిచిన దూరాన్ని 2.546తో, రెండోదానితో కొలిచినదాన్ని 1.546తో గుణించి తీసివేస్తే దాదాపంతా పోతుంది. కింది గాలి ఈ రెండు ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా ఆలస్యం చేస్తుంది కాబట్టి మనకు కావాల్సిన డిలే మిగులుతుంది. దీనికి చెల్లించే ధర, నాయిస్ మూడింతలు కావడం. ఒకే ఫ్రీక్వెన్సీ మాడ్యూల్‌తో ఆవిరి కొలుద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. రెండు ఫ్రీక్వెన్సీల ఫోన్లు వచ్చాయి కదా అంటే, వాటి యాంటెన్నా పక్క గోడ నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌ని కూడా ఆప్యాయంగా ఆహ్వానిస్తుంది. యూ-బ్లాక్స్ ఎఫ్9పీ తరహా చవక బోర్డుకి క్యాలిబ్రేషన్ ఉన్న సర్వే యాంటెన్నా తగిలిస్తే మాత్రం పని జరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. శాటిలైట్ నడినెత్తిన ఉందనుకోండి. యాంటెన్నా ఒక సెంటీమీటరు కిందికి దిగినా, రిసీవర్ గడియారం ఆ మేరకు తప్పినా, గాలిలో తేమ ఆ మేరకు పెరిగినా, మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఆ ఒక్క శాటిలైట్‌తో వాటిని విడదీయలేం. విడదీసేది కోణమే. గడియారం తప్పు అన్ని కోణాల్లోనూ ఒకటే. ఎత్తు తప్పు శాటిలైట్ కిందికి దిగేకొద్దీ తగ్గుతుంది. గాలి డిలే పెరుగుతుంది: 30 డిగ్రీల దగ్గర రెట్టింపు, 5 డిగ్రీల దగ్గర సుమారు పదింతలు. ఈ మూడు వంపులూ వేరువేరుగా కనబడాలంటే దిగంతానికి దగ్గరగా ఉన్న శాటిలైట్లు తప్పనిసరి. గోడల నుంచి తిరిగొచ్చే సిగ్నల్స్‌కి భయపడి కటాఫ్‌ని, అంటే ఏ కోణానికి కిందున్న శాటిలైట్లను వదిలేయాలో ఆ హద్దుని, 15 డిగ్రీలకు పెంచేవాళ్లు మంచి చేస్తున్నామనుకుంటూ ఎత్తునూ తేమనూ ఒకే ముడి వేసేస్తున్నారు. కటాఫ్ 5 నుంచి 7 డిగ్రీల మధ్య పెట్టి, కింది శాటిలైట్లకు విలువ తగ్గించి వాడుకోవడమే మేలు. ఎత్తులో వచ్చే తప్పులో సుమారు మూడో వంతు డిలేలో తేలుతుందని లెక్క. ఎత్తు సెంటీమీటరు తప్పితే ఆవిరి అర మిల్లీమీటరు తప్పుతుంది. స్టేషన్ కదలదు కాబట్టి ఎత్తుని రోజంతటికీ ఒకే విలువగా కట్టేయాలి. ప్రతి 30 సెకన్లకూ కొత్త ఎత్తు వెతికే మోడ్‌లో నడిపితే ఆవిరి గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది.

కక్ష్యలూ గడియారాలూ శాటిలైట్ ప్రసారం చేసేవి సరిపోవు. వాటిలో తప్పు మీటరు దరిదాపుల్లో ఉంటుంది, మనకు కావాల్సింది సెంటీమీటర్లలో. నావిగేషన్ శాటిలైట్ల కక్ష్యలూ గడియారాలూ లెక్కకట్టి పంచే అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ సర్వీస్ ఇచ్చే తుది ఫైళ్లు రెండు వారాలకు అటూఇటుగా వస్తాయి, రాపిడ్ ఫైళ్లు మర్నాటికి. ఒక కేంద్రం కక్ష్యలకు ఇంకో కేంద్రం గడియారాలు అతికించకూడదు. ఒకదాని తప్పుని మరొకటి సర్దుకునేలా ఆ జంటను తయారుచేస్తారు. విడదీస్తే రెండూ చెడతాయి. రోజును సరిగ్గా అర్ధరాత్రికి తెగ్గొట్టి ప్రాసెస్ చేస్తే గీతలో మెట్టు పడుతుంది. అటు మూడు గంటలు, ఇటు మూడు గంటలు కలిపి 30 గంటలు నడిపి, మధ్య 24 మాత్రమే ఉంచుకోవాలి.

తేమ ఎంత వేగంగా మారొచ్చో సాఫ్ట్‌వేర్‌కి మనమే చెప్పాలి. ఆర్‌టీకేలిబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె మామూలుగా 0.0001 మీటర్లు, సెకను వర్గమూలానికి. గంటలోని 3600 సెకన్ల వర్గమూలం 60 కాబట్టి అది గంటకు 6 మిల్లీమీటర్ల డిలేతో సమానం, అంటే ఒక మిల్లీమీటరు నీరు. ఇది మామూలు రోజులకు చాలు. దీన్ని పదో వంతుకు బిగిస్తే గీత నున్నగా, చూడముచ్చటగా వస్తుంది, గాలివాన మాత్రం దాటిపోయాక గానీ కనిపించదు. అందమైన గీతను నమ్మొద్దని కొత్తవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఈ సాఫ్ట్‌వేర్‌లో డిలే విలువలు పొజిషన్ ఫైల్లో కాకుండా స్టేటస్ ఫైల్లో ఉంటాయి. అది రాయించే ఆప్షన్ ముందే ఆన్ చేయకపోతే రాత్రంతా నడిపిన పని మళ్లీ మొదటికొస్తుంది. ఎర్త్ టైడ్స్ ఆన్ చేయడం మరిచినా అంతే. సూర్యచంద్రుల లాగుడికి గట్టి నేల కూడా రోజూ ఎన్నో సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపంతా తేమ ఖాతాలో జమవుతుంది.

యాంటెన్నా పేరు, చూసుకోకపోతే పడిపోయే ఒక చిన్న బావి. సిగ్నల్ అందుకునే బిందువు యాంటెన్నా నట్టనడుమ ఉండదు, కోణాన్ని బట్టి జరుగుతుంది. ఎంత జరుగుతుందో క్యాలిబ్రేషన్ ఫైల్లో ఉంటుంది. డేటా ఫైలు తలలో రాసిన పేరు ఆ ఫైల్లోని పేరుతో అక్షరం అక్షరం కలవాలి. ఆ 20 అక్షరాల గడిలో చివరి నాలుగు పైన కప్పే గోపురం కోడ్, గోపురం లేకపోతే అక్కడ 'NONE' అని ఉండాలి. ఒక ఖాళీ తప్పినా కొన్ని సాఫ్ట్‌వేర్లు కేక వేయకుండా సవరణను సున్నా చేసేసి ముందుకు పోతాయి. ఎత్తు సెంటీమీటర్లలో తప్పుతుంది, తేమ దాని వెంటే పోతుంది. 2022 నవంబరు 27 నుంచి క్యాలిబ్రేషన్ ఫైలు, స్థానాలు కొలిచే ఆధార చట్రం (రిఫరెన్స్ ఫ్రేమ్) రెండూ కొత్తవి. పాత ఏళ్లను పాత ఫైళ్లతో, ఆ తర్వాతివి కొత్తవాటితో చేసి ఒకే గీతగా అతికిస్తే, కీలు దగ్గర పడే మెట్టు వాతావరణ మార్పులా అమాయకంగా నిలబడుతుంది.

పక్కనున్న రేకు షెడ్డు నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌ని పట్టుకోవడం మాత్రం సులువు. జీపీఎస్ శాటిలైట్లు ఆకాశంలో అదే చోటికి మళ్లీ వచ్చేది దాదాపు 23 గంటల 56 నిమిషాలకు. గ్రాఫ్‌లో ఒక బుడిపె రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ వస్తోందంటే అది రేకు పనే. ఎండను బట్టి నడిచే నిజమైన తేమ మన గడియారాన్ని పాటిస్తుంది. పది రోజుల గీతలు ఒకదానిమీద ఒకటి పరిచి, రోజుకు నాలుగు నిమిషాల చొప్పున జరిపి చూస్తే చాలు.

ఇంతవరకూ చెప్పినవన్నీ జాగ్రత్తగా చేస్తే నడినెత్తి మొత్తం డిలే నాలుగైదు మిల్లీమీటర్ల నమ్మకంతో చేతికొస్తుంది. నీటిలో చెప్పాలంటే ముప్పావు మిల్లీమీటరు దరిదాపుల్లో. అక్షరాలా ఘనకార్యమే. ఇక దాన్ని పాడుచేసే అంకం మొదలు.

20 డిగ్రీల అక్షాంశం, 100 మీటర్ల ఎత్తు ఉన్న స్టేషన్ అనుకుందాం. మొత్తం డిలే 2.5850 మీటర్లు, పీడనం 1002.0 హెక్టోపాస్కల్స్, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. పొడిగాలి వాటాకి సాస్టామోయినెన్ 1972లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పీడనాన్ని 0.0022768తో గుణిస్తే 2.2814. అక్షాంశానికీ ఎత్తుకీ వచ్చే చిన్న దిద్దుబాటు 0.99793తో భాగిస్తే 2.2861 మీటర్లు. తీసివేస్తే ఆవిరి వాటా 298.9 మిల్లీమీటర్లు. దీన్ని నీటిగా మార్చే గుణకం గాలి స్తంభపు సగటు ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. బెవిస్ సూత్రం ప్రకారం ఆ సగటు 70.2 + 0.72 × 303.15, అంటే 288.5 కెల్విన్. దానికి గుణకం 0.1644. నీరు 49.1 మిల్లీమీటర్లు.

ఇదే స్టేషన్‌కి సముద్రమట్టపు పీడనం ఇవ్వండి. 100 మీటర్లకు సుమారు 11 హెక్టోపాస్కల్స్ ఎక్కువ. పొడి వాటా 25 మిల్లీమీటర్లు పెరుగుతుంది, నీరు 45కి పడిపోతుంది. ఆకాశంలో వేలాది కోట్ల ఖర్చుతో సాధించిన కచ్చితత్వం ఒక్క తప్పు కాలమ్‌తో పోయింది. ఒక హెక్టోపాస్కల్ తప్పుకి 2.3 మిల్లీమీటర్ల డిలే, 0.37 మిల్లీమీటర్ల నీరు: ఈ లెక్క గుర్తుంటే చాలు.

ఆ ఒక్క హెక్టోపాస్కల్ పోయే దారులు చాలా ఉన్నాయి. యాంటెన్నా మేడపైన, బారోమీటర్ 12 మీటర్ల కింద గదిలో ఉంటే 1.3 హెక్టోపాస్కల్స్ ఎక్కువ చూపిస్తుంది. తేడాను లెక్కకట్టి సర్దవచ్చు, కాకపోతే ఆ 12 మీటర్ల సంగతి ఎక్కడో రాసి ఉండాలి కదా. పీడనం తీసుకునే రంధ్రం గాలికి ఎదురుగా ఉంటే సెకనుకు 10 మీటర్ల గాలి 0.6 హెక్టోపాస్కల్స్ దాకా కల్పిస్తుంది. తుఫాను గాలి ఇంకెంత కల్పిస్తుందో మీరే లెక్కవేసుకోవచ్చు, వేగం రెట్టింపయితే ఆ తప్పు నాలుగింతలు. ఏసీ గదిలో తలుపు తీసినా మూసినా గీత ఎగురుతుంది. బోర్డు మీద అతికించే చిన్న సెన్సార్లకు సోల్డర్ వేడికే పాయింటు జరిగిపోతుంది, ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఇంకాస్త జారుతుంది. దాని పుస్తకంలో రాసిన ప్లస్ ఆర్ మైనస్ 1 హెక్టోపాస్కల్‌ని మరీ ఆశావాదంతో చదవొద్దు.

ఇంకో ఉచ్చు ఎత్తులో ఉంది. జీపీఎస్ చెప్పే ఎత్తు గణిత దీర్ఘగోళం మీద నుంచి కొలిచింది. వాతావరణ మోడళ్లకు తెలిసిన ఎత్తు సముద్రమట్టం మీద నుంచి కొలిచింది. ఈ రెండు మట్టాల మధ్య తేడా శ్రీలంకకు దక్షిణాన సముద్రంలో 100 మీటర్లు దాటుతుంది. స్టేషన్ దగ్గర ఆ తేడా 80 మీటర్లయితే, మోడల్ పీడనాన్ని తప్పు ఎత్తుకి దింపినందుకు 9 హెక్టోపాస్కల్స్, మూడు మిల్లీమీటర్ల పైన నీరు పోతాయి. రెండు ఎత్తులకూ మీటర్లే యూనిట్ కావడంతో తప్పు కంటికి ఆనదు.

బారోమీటరే వద్దు, ఏళ్ల తరబడి సగటుల నుంచి పీడనం చెప్పే జీపీటీ (గ్లోబల్ ప్రెషర్ అండ్ టెంపరేచర్) లాంటి మోడల్ చాలు కదా అనేవాళ్లున్నారు. డిలేని అంచనా వేసేటప్పుడు మొదటి ఊహగా దాన్ని వాడటంలో తప్పులేదు. అక్కడ పొడి వాటాలో జరిగిన పొరపాటు తడి వాటాలో సర్దుకుపోయి మొత్తం దాదాపు సరిగానే వస్తుంది. మొత్తం నుంచి పొడి వాటా తీసేసేటప్పుడు మాత్రం అదే మోడల్ వాడితే కథ మారుతుంది. తుఫాను నడిమికి వచ్చేసరికి పీడనం 30 హెక్టోపాస్కల్స్ పడిపోతే ఆ సంగతి సగటుకి తెలియదు. నీరు 11 మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది, అదీ ఆ అంకె అందరికీ అత్యవసరమైన రోజున.

ఈ రంగంలో ఎక్కువ సిరా పారేది సగటు ఉష్ణోగ్రత సూత్రం మీద. బెవిస్ సూత్రం అమెరికాలో బెలూన్‌కి పరికరం కట్టి ఎగరేసే 13 రేడియోసాండ్ స్టేషన్ల 8,718 రికార్డుల నుంచి వచ్చింది, ఆ స్టేషన్లన్నీ 27 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైనే. కాబట్టి ఉష్ణమండలానికి స్థానిక సూత్రం కావాలనే వాదన న్యాయమైనదే. 5 కెల్విన్ తప్పితే నీరు 1.7 శాతం తప్పుతుంది. మన 49 మిల్లీమీటర్లలో అది 0.8, చిన్నదేమీ కాదు. అయినా దాన్ని రెండో వరుసలో ఎందుకు కూర్చోబెడుతున్నానంటే, ఏ సూత్రం వాడారో కాగితం మీద ఉంటుంది, పదేళ్ల తర్వాత ఎవరైనా మార్చి మళ్లీ లెక్కకట్టొచ్చు. పైగా ఆ తప్పు తేమతో పాటే తగ్గుతుంది, పొడి రోజుల్లో దాదాపు కనిపించదు. బారోమీటర్ ఏ అంతస్తులో ఉందో, ఎప్పుడు మార్చారో, ఎంత జారిందో రాయకపోతే ఏ సూత్రమూ వెనక్కి తేలేదు.

పాత కొలతలనూ మోడల్‌నూ కలిపి గత వాతావరణాన్ని మళ్లీ లెక్కకట్టే ఈఆర్ఏ5 లాంటి రీఅనాలిసిస్‌లో గంటగంటకూ పీడనం ఉంది కదా అన్న అభ్యంతరం ఇంకా గట్టిది. ఒప్పుకుంటాను: పట్టించుకునేవాళ్లు లేని బారోమీటర్ కన్నా, సరైన ఎత్తుకి దింపిన రీఅనాలిసిస్ పీడనం మేలు. కాకపోతే అది ఐదు రోజులు ఆలస్యంగా వస్తుంది, పావు డిగ్రీ గడుల మధ్య ఉన్న లోయలనూ కొండలనూ చదును చేస్తుంది. దాన్ని కాపలాదారుగా పెట్టుకోవడం మంచిది. మీ బారోమీటర్ నుంచి దాని విలువ తీసేసి నెలసరి సగటు గీయండి. గీత అడ్డంగా సాగితే సెన్సార్ బాగున్నట్టు. మెల్లగా ఒకవైపు ఒరిగితే జారుతోంది. ఒక్క రోజులో మెట్టు పడితే ఎవరో దాన్ని కదిపారు.

ఎందుకింత పట్టుదల అంటే, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. పదేళ్లకు 0.2 డిగ్రీల వేడిమి అనుకుంటే 1.4 శాతం. ప్రపంచ సగటు ఆవిరి సుమారు 25 మిల్లీమీటర్ల మీద అది 0.35 మిల్లీమీటర్లు. పదేళ్లలో ఒక హెక్టోపాస్కల్ జారిన బారోమీటర్ దాదాపు అంతే మార్పుని పుట్టిస్తుంది, లేదా ఉన్న మార్పుని మింగేస్తుంది. పైకి జారితే ప్రపంచం తడవడం ఆగిపోయినట్టు, కిందికి జారితే రెట్టింపు వేగంతో తడుస్తున్నట్టు కనిపిస్తుంది.

బెలూన్‌తో పోల్చి సరిచూసుకునేటప్పుడు కూడా నిదానం కావాలి. బెలూన్ గాలివాటున పదుల కిలోమీటర్లు కొట్టుకుపోతుంది, మనం కొలిచేది యాంటెన్నా చుట్టూ పదేసి కిలోమీటర్ల గరాటు సగటు. బెలూన్ ఎగరేసే చోటు యాంటెన్నా కన్నా 100 మీటర్లు కింద ఉంటే, ఘనమీటరుకు 20 గ్రాముల తేమ ఉన్న రోజున ఆ మధ్య పొరలోనే 2 మిల్లీమీటర్ల నీరుంటుంది. ఆ పొరను సర్దకుండా వచ్చిన తేడాను పరికరం తప్పుగా రాసుకోవడం మామూలైపోయింది.

వాతావరణ అంచనా కేంద్రాలు మోడళ్లలోకి సాధారణంగా నేరుగా డిలేనే తీసుకుంటాయి. పీడనం మోడల్ దగ్గరే ఉంది, మన బారోమీటర్ మీద ఆధారపడటం వాళ్లకి అనవసరం. స్టేషన్ ఫైలు కూడా అదే పద్ధతిలో రాయాలి: సమయం, మొత్తం డిలే, దాని అనిశ్చితి, పీడనం, ఆ పీడనం ఏ ఎత్తు దగ్గర కొలిచిందో, ఉష్ణోగ్రత. తల భాగంలో యాంటెన్నా పూర్తి పేరు, క్యాలిబ్రేషన్ ఫైలు పేరు, కటాఫ్ కోణం, బారోమీటర్ నంబరు, దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ. ఆవిరి అంకె కావాలంటే ఆఖరి కాలమ్‌లో పెట్టుకోవచ్చు, మిగతావి ముట్టుకోకుండా చెరిపేసి మళ్లీ నింపుకునేలా.